గురువారం సీటు

ఇకమీదట సోమ, మంగళ, బుధవారాలు ఆఫీసుకి రావాలి, గురు, శుక్రవారాలు ఇంటి నుంచి పనిచేసుకోవచ్చు అని కంపెనీవాళ్ళు చెప్పినప్పుడు అందరికన్నా సంతోషించింది టైం సార్ భార్య.

"హమ్మయ్య! ఆ మూడు రోజులన్నా నా ఇంట్లో నేను గొంతెత్తి మాట్లాడుకోవచ్చు" అంది.

ఆవిడ బాధ ఆవిడది. ఇన్నాళ్ళూ ఆయన చిన్నగదిలో తలుపేసుకుని మీటింగులు నడుపుతుంటే, వంటింట్లో గరిటె చప్పుడైనా చాలు, తలుపు సందులోంచి తల పెట్టి గుడ్లురిమేవాడు. ఆవిడకేమో నోరు ఆగదు. మనుషులు దొరక్కపోతే కుక్కరుతో మాట్లాడుతుంది.

"నీక్కూడా ఒక మ్యూట్ బటన్ ఉంటే ఎంత హాయిగా ఉండేదో!" అనేవాడాయన.

"ఉంటే తెలిసేది. ఒక్క పూట నేను మాట్లాడకపోతే మీకు ముద్ద దిగదు" అంటూ ఆవిడ ఆయన ముందు వేన్నీళ్ళ గ్లాసు పెట్టేది. అంచు సొట్టపోయిన పాత స్టీలు గ్లాసు. ఆయన మరో దాంట్లో తాగడు. ఆవిడ అన్నది నిజమేనని ఆయనకి బాగా తెలుసు. పైకి చెప్పడు, అంతే.

టైం సార్ అనే పేరు టీంవాళ్ళు పెట్టింది. మీటింగు మొదలెట్టేదీ ముగించేదీ ఆయనే. ఎవరైనా మాట కాస్త సాగదీస్తే టక్కున మ్యూట్ చేసేసి "కానిద్దాం, టైం అయిపోతోంది" అనేవాడు. ఇంట్లో ఎవరి నోరూ మూయించలేని మనిషికి ఆ బటను తెగ నచ్చింది.

ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాక ఆయన తిప్పలు ఆయన పడ్డాడు. ప్యాంటు బొత్తాం పట్టలేదు. బూట్లకి బూజు పట్టింది. సొంత సీటు అనేదే లేకుండా పోయింది. మూడు రోజులు వీళ్ళు కూర్చున్న సీట్లలోనే మిగతా రెండు రోజులూ ఇంకో టీం కూర్చుంటుంది. ఆయనకి కిటికీ పక్క మూల సీటు దొరికింది.

రెండో వారం వెళ్ళి కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలినంత పనైంది. ఎవరో కుర్చీని అట్టడుగుకి దించేశారు. విసుక్కుంటూ పైకి లేపుకున్నాడు. ఆ తర్వాతి వారమూ అంతే. ఈసారి సొరుగులో అల్లం బిళ్ళల కాగితాలు కూడా ఉన్నాయి. ఒక్కో కాగితాన్నీ సన్నగా మడిచి, ముడి వేసి, వరసగా పేర్చి పెట్టారు.

ఆ ముడి చూడగానే ఆయన సొరుగు టక్కున మూసేశాడు. అలా ముడులు వేసే మనిషి ఒక్కరే. అల్లం మేడమ్.

ఆవిడ ఆయన టీంలోనే పనిచేసేది. పొట్టి మనిషి. ఎప్పుడూ దగ్గు, ఎప్పుడూ బుగ్గన అల్లం బిళ్ళ. అందరూ ఇళ్ళ నుంచి పనిచేసే రోజుల్లో ఒంటరిగా ఒక అద్దె గదిలో ఉండేది. ఒకరోజు పెద్ద కస్టమరు ముందు డెమో నడుస్తుండగా ఆవిడకి దగ్గు తెర వచ్చింది. టైం సార్ మ్యూట్ చేశాడు. ఆవిడ రెండు చేతులూ ఊపింది. నోరు కదులుతోంది. సార్... సార్... అంటోందని పెదవులు చూసి ఆయనకి అర్థమైంది. అర్థమయ్యే ఆవిడ వీడియో కూడా తీసేశాడు. డెమో బ్రహ్మాండంగా జరిగింది. మర్నాడు ఇంటి ఓనరు తలుపు పగలగొట్టేసరికి ఆవిడ ఇంకా ఆ కంప్యూటరు ముందే ఉందట.

"ఆవిడే కాల్ కట్ చేసింది" అని చెప్పాడు అందరికీ. అందరూ నమ్మారు. పైగా ఆయనే సంతాప సభ నడిపాడు. అదీ టైంకే ముగించాడు.

సీట్లు చూసే ఉద్యోగిని పిలిచి గట్టిగా అడిగాడు. "గురు, శుక్రవారాలు నా సీట్లో ఎవరు కూర్చుంటున్నారయ్యా?"

"ఎవరూ లేరు సార్. అది అల్లం మేడమ్ పాత సీటు కదా. ఎవరికిచ్చినా వద్దంటున్నారు."

"ఎందుకు?"

అతను గొంతు తగ్గించాడు. "పొద్దున్నే వచ్చి కూర్చుంటే... కుర్చీ వెచ్చగా ఉంటోందట సార్."

టైం సార్‌కి భయం కన్నా కోపం ఎక్కువొచ్చింది. టీంలో ఎవరికో నిజం తెలిసింది, తనతో ఆడుకుంటున్నారు అనుకున్నాడు. గురువారం తనే వెళ్ళి ఆ మనిషిని పట్టుకోవాలని బయల్దేరాడు.

"ఇవాళ మీ ఇంటి రోజు కదండీ?" అంది భార్య.

"ఒక్కరోజు మార్చుకుంటే కొంపేం మునగదు" అని, చిన్నగదిలో పెద్ద కంప్యూటరు ఆపి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

ఆ రోజు వాన. అవతలి టీంవాళ్ళు కూడా ఇంటి నుంచే పని అన్నారు. అంతస్తు మొత్తం ఖాళీ. గాలాడని తివాచీ వాసన, ఏసీ గొణుగుడు. మనిషి కదిలితే వెలిగి, కదలకపోతే ఆరిపోయే దీపాలవి. ఆయన నడిచిన మేర వెలుగుతూ, వెనక ఆరిపోతూ వచ్చాయి.

మూల సీటు దగ్గరకొచ్చి కుర్చీ తడిమి చూశాడు. చల్లగా ఉంది. సొరుగు ఖాళీగా ఉంది. 'భయపడి రాలేదు వెధవలు' అని నవ్వుకున్నాడు.

మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌లో మీటింగు తెరిచాడు. టీంవాళ్ళంతా ఇళ్ళ నుంచి ఒక్కొక్కరే తెరమీదికి వచ్చారు. చివరగా ఇంకో గడి తెరుచుకుంది. కింద ఆయన పేరే ఉంది.

గడిలో కనిపిస్తున్నది తన చిన్నగది. తన అలమర. వెనక దగ్గరగా వేసిన తలుపు. కుర్చీ బాగా కిందికి దించి ఉంది. అందుకని కూర్చున్న మనిషి నుదురు, పాపిడి మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ పాపిడిని ఆయన ఎన్ని మీటింగుల్లో చూడలేదు!

ఈ రోజు ఆయన ఇంటి రోజు. ఆయన వచ్చి ఆవిడ రోజు తీసుకున్నాడు. మరి ఆవిడ...

దగ్గు వినిపించింది.

"సార్, మీ ఇంట్లో ఎవరికో బాలేనట్టుందే?" అంది టీంలో టెస్టింగ్ చేసే అమ్మాయి.

ఆయన నోరు తెరిచాడు. గొంతు రాలేదు. తెరమీద మైకు గుర్తు ఎర్రగా మారింది. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మీటింగు నడిపేది ఇవాళ ఆయన కాదు.

ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, ఎప్పుడొచ్చారు? పిల్లిలా వచ్చి గదిలో దూరారు. ఒకటే దగ్గు! వానలో తడిశారా?"

వద్దు... తలుపు తీయొద్దు... అని అరవబోయాడు. గొంతులోంచి గాలి కూడా రాలేదు.

"మాట్లాడరేం? ఓహో, మీటింగా? సరే లెండి, నోరు మూసుకుంటాను. వేన్నీళ్ళు తెస్తున్నా."

ఫోను పెట్టేసింది. మళ్ళీ చేశాడు. మోగుతోంది... మోగుతోంది...

లేచి నిలబడి తెర ముందు రెండు చేతులూ ఊపాడు. ఎవరైనా మా ఇంటికి ఫోన్ చెయ్యండి... ఎవరైనా...

"సార్ ఏదో చెప్తున్నట్టున్నారు" అంది ఆ అమ్మాయి.

"నెట్ సరిగ్గా లేదేమోలే. కానిద్దాం, టైం అయిపోతోంది" అన్నారెవరో.

ఆయన గడి నల్లబడింది.

తన ఇంటి గడిలో మాత్రం తలుపు మెల్లగా తెరుచుకుంది. చేతిలో గ్లాసుతో భార్య. ఎప్పట్లాగే ఏదో చెబుతూనే వస్తోంది. వినిపించడం లేదు. కుర్చీ పక్కకి వచ్చింది. వంగి చూసింది.

ఆవిడ నోరు ఆగిపోయింది.

తర్వాత మళ్ళీ కదిలింది. చెయ్యి గొంతు మీదికి పోయింది. కెమెరా వైపు తిరిగి ఒకే మాట అంటోంది. ఆ మాట ఆయనకి అర్థమైంది. ఏమండీ... ఏమండీ...

పైన దీపం ఆరిపోయింది. ఆయన చేతులు ఊపాడు. వెలగలేదు. గెంతాడు. వెలగలేదు. అక్కడ మనిషే లేనట్టు ఊరుకుంది దీపం. ఆయన నోట్లో ఎక్కడినుంచో అల్లం ఘాటు... గొంతులో ఏదో గీరింది...

శుక్రవారం పొద్దున్నే సీట్లు చూసే ఉద్యోగి ఆ మూలకి వచ్చాడు. టైం సార్ ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. మనిషి లేడు. ఇంటికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. కుర్చీ మాత్రం ఎత్తుగా, పొడుగు మనిషికి సరిపడా లేపి ఉంది. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంది.

బల్ల మీద అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసు ఉంది. అందులో నీళ్ళు ఇంకా పొగలు కక్కుతున్నాయి.