గేటు రంగు సైకిలు

తెనాలిలో నన్ను పైపు డాక్టరు అంటారు. ఆ బిరుదు ఎవరూ ఇవ్వలేదు, నేనే విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించుకున్నాను, తర్వాత జనానికి అలవాటైంది. అసలు పేరు ఎబినేజర్. వయసు ఇరవై తొమ్మిది. మారీసుపేటలో షాపు, పాత రేసింగ్ సైకిళ్లు బాగుచేయడం పని. అంతటివాణ్ణి నలుగురిలో ఎలా తల దించుకున్నానో నేనే చెప్పేస్తే మంచిది, ఇంకొకరు చెప్తే నాలుగు కలిపి చెప్తారు.

ఆ రోజు వాన. రేపల్లె పాసింజరు దిగి ఒకమ్మాయి సైకిలు నడిపించుకుంటూ నా షాపుకి వచ్చింది. గొడుగు తన మీద కాదు, సైకిలు మీద పట్టింది. జడ చివరినుంచి నీళ్లు కారుతున్నాయి, పట్టించుకోవడం లేదు. ఆ సైకిలు ఏమో ఆకుపచ్చ. అదీ ఇనప గేట్లకి వేసే ముదురాకుపచ్చ. వెనక ఇంత పెద్ద క్యారియరు కూడా.

"ఇది ఇటలీ రేసింగ్ సైకిలండి. బాపట్ల ప్రదర్శనకి మీ సంతకం కావాలి," అంది.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోవాల్సింది, ఆపుకోలేదు.

సంగతేంటంటే, బాపట్లలో బసవేశ్వరరావు గారని రిటైరైన ఇంజనీరు ఏటా పాత సైకిళ్ల ప్రదర్శన పెడతారు. రేసింగ్ సైకిళ్ల వరసలో నిలబెట్టాలంటే ఫ్రేము పైపు అసలైనదేనని నేను చూసి సంతకం చెయ్యాలి. స్టిక్కరు ఎవరైనా అంటించుకోవచ్చు. పైపు మాత్రం అబద్ధం చెప్పదు. మంచి రేసింగ్ పైపు రెండు చివర్లా మందంగా, మధ్యలో పల్చగా ఉంటుంది. అందుకే ఫ్రేము తేలిగ్గా ఉంటుంది, గోటితో మీటితే ఖంగున మోగుతుంది. గోడ పల్చన కాబట్టి లోపల చోటెక్కువ, దాన్లో దిగే సీటు కడ్డీ కూడా కాస్త లావుగా ఉంటుంది.

చక్రాలు విప్పి తూచాను. బండబరువు. గోటితో కొట్టాను. గుమ్మడికాయ మీద కొట్టినట్టు మొద్దు చప్పుడు. చివరికి మందం కొలిచే వెర్నియర్ తీసి, షాపులో ఉన్న నలుగురికీ కనబడేలా సీటు కడ్డీ కొలిచాను. ఇరవై అయిదున్నర మిల్లీమీటర్లు కూడా లేదు. ఇటలీ వాళ్ల మంచి పైపులో దిగే కడ్డీ ఇరవై ఏడు దాటి ఉండాలి.

"ఇది నీళ్ల పైపండి. కావాలంటే మోటారుకి బిగించుకోండి," అన్నాను. షాపంతా నవ్వింది.

ఆ అమ్మాయి నవ్వలేదు, ఏడవలేదు. చక్రాలు నేను బిగించేదాకా నిలబడి, తన పేరు హెప్సిబా అని, సైకిలు వాళ్ల తాతయ్యదని నెమ్మదిగా చెప్పింది. తాతయ్య తోమాసు గారు రేపల్లెలో పోస్టుమ్యాన్‌గా చేశారట. డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత సాయం చేయడానికి వచ్చిన ఇటలీ కుర్రాడొకడు ఆయనతో కలిసి ఊళ్లన్నీ తిరిగి, వెళ్లేటప్పుడు ఈ సైకిలు ఇచ్చి వెళ్లాడట. ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు. ఇటలీ తోమాసు అని పేరు పెట్టారు. పోస్టాఫీసులో, చర్చి మెట్ల మీద, పెళ్లిళ్లలో నలభై ఎనిమిదేళ్లుగా అదే వెక్కిరింపు.

"మా తాతయ్య అబద్ధమాడే మనిషి కాదండి. ఆయన ఉండగా నలుగురూ ఆ మాట ఒప్పుకోవాలి, అంతే నాకు కావాల్సింది. మీరు సరిగ్గా చూడలేదు," అని గొడుగు మళ్లీ సైకిలుకే పట్టి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. నాకే చెప్తుందా? ఆ మంటలోనే 'మామూలు పైపు' అని రాసి బసవేశ్వరరావు గారికి ఒక కాపీ, ఆవిడకి ఒక కాపీ పంపేశాను. పంపాక మాత్రం రెండు రోజులు ఏ పనీ చేతికి రాలేదు. ఎవరి సైకిలు పట్టుకున్నా ఆ తడిసిన జడే గుర్తొచ్చేది. ఒకాయన సైకిలుకి బ్రేకులు తిరగేసి బిగించాను కూడా.

శనివారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. హెప్సిబా. నమస్కారం కూడా లేదు.

"మీ రిపోర్టు చదివానండి. మీరు కొలిచింది పైపునా, పైపులో దూర్చిన కడ్డీనా?"

కడ్డీనే అన్నాను. అది పైపుకి సరిపోయే కడ్డీయే అని నాకెలా తెలుసని అడిగింది.

"నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తానండి. వెర్నియర్‌కి లోపలి కొలత తీసే కొక్కేలు కూడా ఉంటాయని తొమ్మిదో క్లాసు పిల్లలకి తెలుసు," అంది.

గంటలో రేపల్లె బండెక్కాను.

తోమాసు గారు వసారాలో నన్ను చూసి లేచి నిలబడ్డారు. సన్నగా, నిటారుగా ఉన్నారు. ఆయన భార్య సుగుణమ్మ గారు కాఫీ ఇచ్చారు గాని పలకరించలేదు. భర్త సైకిలుని నీళ్ల పైపన్నవాడితో మాటలేంటని ఆవిడ మొహమే చెప్తోంది.

సీటు కడ్డీ కదల్లేదు. చుట్టూ రంగు గడ్డకట్టి అతుకే కనబడటం లేదు. అదేంటని అడిగితే అప్పుడు బయటపడింది కథ. ఏటా క్రిస్మస్‌కి గేటుకి రంగు వేయగా మిగిలింది సుగుణమ్మ గారు సైకిలుకి వేస్తారట. "పండగ పూట అది ఒక్కటే పాతగా నిలబడితే బాగుంటుందా బాబూ?" అన్నారు ఆవిడ. నాతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. చాకుతో గీస్తే ఆకుపచ్చ కింద నీలం, దాని కింద ఎరుపు, దాని కింద మళ్లీ ఆకుపచ్చ. ఒక్కో రంగు చూసి ఆవిడ ఒక్కో ఏడాది చెప్పారు.

కడ్డీ ఊడివచ్చింది. దాని చుట్టూ మూడు చుట్లు బిస్కెట్ డబ్బా రేకు. తోమాసు గారు నుదురు కొట్టుకున్నారు. అసలు కడ్డీ ఎప్పుడో విరిగితే సన్న కడ్డీ వేసి, వదులుగా ఉందని రేకు చుట్టారట, ఆ సంగతే మర్చిపోయారు. రేకు తీసి హెప్సిబా తనే వెర్నియర్ అందుకుని పైపు లోపల కొలిచింది. ఇరవై ఏడు పాయింట్ రెండు.

ఆ వెర్నియర్ మొదటి రోజే ఆవిడ చేతికిచ్చి ఉండాల్సింది నేను.

పైపులోకి చూస్తే తెల్లగా మైనం. ఉప్పుగాలికి తుప్పు పడుతుందని, క్రిస్మస్ ఆరాధనలో మిగిలిన కొవ్వొత్తులు కరిగించి ఏటా పెడల్ ఇరుసు విప్పి పైపుల్లో పోసేవారట తోమాసు గారు. బరువెందుకో, మొద్దు చప్పుడెందుకో తేలిపోయింది. భార్య పైనుంచి, భర్త లోపలినుంచి, ఇద్దరూ కలిసి ప్రేమకొద్దీ ఆ సైకిలుని నీళ్ల పైపుగా మార్చేశారు. ఆ ఇరుసే విప్పి మరిగే నీళ్లు పోశాం. రెండు గిన్నెల మైనం కారింది. గోటితో మీటాను. ఖంగుమంది. తోమాసు గారు కళ్లు మూసుకుని మళ్లీ మీటమన్నారు.

ఇక ఒక్క పరీక్షే మిగిలింది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు విప్పాను. ఇటలీలో కొలంబస్ అని పైపుల కంపెనీ ఉంది. వాళ్ల మంచి రేసింగ్ పైపైతే ఫోర్కు నుంచి హ్యాండిల్ దాకా వెళ్లే గొట్టం లోపల అయిదు గీతలు మెలితిరిగి ఉబ్బి ఉంటాయి. ఎవరూ పైనుంచి అంటించలేరు వాటిని. టార్చి వేసి ఇద్దరం ఒకేసారి వంగాం. తలలు ఢీకొన్నాయి. నేను పక్కకి జరిగి తననే చూడమన్నాను.

చూసింది. చాలాసేపు చూసింది. "అయిదండి," అంది. ఆ తర్వాత నావైపు తిరిగి నవ్వింది చూడండీ, టార్చి ఎక్కడ వదిలేశానో నాకిప్పటికీ తెలియదు.

సంతోషం ఎంతోసేపు లేదు. బసవేశ్వరరావు గారికి ఫోన్ చేస్తే మర్నాటి ప్రదర్శనకి జాబితా ఖరారైపోయిందన్నారు. రిపోర్టు మార్చాలంటే రాసినవాడు గ్రౌండులో అందరి ముందూ మైకులో తప్పు ఒప్పుకోవాలి, అదే రూలట. ఒప్పుకుంటానన్నాను. హెప్సిబా నన్ను స్టేషను దాకా దిగబెట్టడానికొచ్చి, ఆ తర్వాత షాపుకి ఎవరొస్తారని అడిగింది. బేరం లేకపోతే వాళ్ల గేటుకి రంగు వేసుకుని బతుకుతానన్నాను. అప్పటిదాకా నన్ను స్కేలు పెట్టి కొలిచినట్టు చూసిన మనిషి, మొదటిసారి తల కాస్త దించి ఓరగా చూసింది. నా గుండె పట్టాలు తప్పింది.

ఆదివారం బాపట్ల గ్రౌండు కిటకిటలాడింది. నా షాపులో నవ్విన నలుగురూ ముందు కుర్చీల్లోనే ఉన్నారు. రేపల్లె పోస్టుమాస్టరుగా చేసిన జనార్దనరావు గారు కూడా వచ్చారు, ఇటలీ తోమాసు అని పేరు పెట్టింది ఆయనే. నేను మైకు అందుకున్నాను.

"పైపు కొలవాల్సింది పోయి అందులో దూర్చిన కడ్డీ కొలిచానండి. నాకన్నీ తెలుసనుకున్నాను. తప్పు నాది. తోమాసు గారు నలభై ఎనిమిదేళ్లుగా నిజమే చెప్తున్నారు," అన్నాను.

బసవేశ్వరరావు గారు కళ్లజోడు సర్దుకుని, టార్చి తెప్పించుకుని, నేను విప్పి పెట్టిన ఫోర్కు గొట్టంలోకి తనే చూశారు. వేళ్లు మడుస్తూ లెక్కపెట్టారు. లేచి, మైకు అవసరం లేకుండానే వినబడేలా చెప్పారు: "అసలైన ఇటలీ రేసింగ్ పైపు. ఈ సైకిలు మొదటి వరసలో, మొదట నిలబడాలి."

చప్పట్లు మోగిపోయాయి. జనార్దనరావు గారు లేచి వచ్చి, "తోమాసూ, ఊరందర్నీ నేనే నవ్వించాను. క్షమించు," అని చేతులు పట్టుకున్నారు. తోమాసు గారు ఆయన్ని దగ్గరికి తీసుకుని వీపు మీద రెండుసార్లు తట్టారు. సుగుణమ్మ గారు కొంగుతో కళ్లొత్తుకుంటూ నన్ను చూసి నవ్వారు.

అప్పటికప్పుడు ఫోర్కు, చక్రాలు బిగించి ఇచ్చాను. డెబ్బై ఆరేళ్ల తోమాసు గారు సైకిలెక్కి గ్రౌండు చుట్టూ బయల్దేరారు. జనం లేచి నిలబడి కొడుతున్న చప్పట్ల మధ్య ఒక రౌండు అయింది, ఆపలేదు. రెండోది కూడా అయింది.

హెప్సిబా నా పక్కకి వచ్చి, అటే చూస్తూ, "ఎబినేజర్ గారూ, మీరంటే నాకిష్టం," అంది. నేను తేరుకునేలోపే, "తాతయ్యని ఇప్పుడే అడగండి. ఇవాళ ఆయన దేనికీ కాదనరు," అని వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది.

ఆయన ఆగరు కదా. పక్కనే పరుగెత్తాను. రొప్పుతూ, "తోమాసు గారూ, మీ మనవరాలిని నాకిచ్చి పెళ్లి చేస్తారా?" అని అడిగాను. ఆయన ఇంకాస్త జోరుగా తొక్కారు.

"తోమాసు గారేంటి అబ్బాయ్? సరిగ్గా అడుగు," అన్నారు.

ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కాళ్లలోకి ఎక్కడలేని బలం వచ్చింది.

"తాతయ్యా, హెప్సిబాని నాకిస్తావా?" అని గ్రౌండంతా వినబడేలా అరిచాను.

ఆయన బ్రేకు వేసి, నా భుజం మీద చెయ్యి ఆన్చి దిగాడు.