ఫ్యాన్లు లేని విమానం

అత్తగారు మూడు గోనెసంచుల మీద కూర్చుని ఏడుస్తోంది! మామూలు ఏడుపు కాదు... పక్కింటివాళ్లు టీవీ కట్టేసి మరీ వింటున్న ఏడుపు. ఆ సంచుల్లో ఉన్నది కోడలి ప్రాణం. పదకొండేళ్లుగా పోగేసుకున్న విమానాల సామాను... మూతపడ్డ కంపెనీల చెంచాలు, బ్యాడ్జీలు, బోర్డింగ్ పాసులు, ఎవరూ వాడని వాంతి సంచులు, ఒక నిజమైన సీటు బెల్టు! కోడలు టైలరు. ఎయిర్‌హోస్టెస్‌ల యూనిఫారాలు సరిచేసి ఇస్తుంది. వాళ్లు అభిమానంగా తెచ్చిచ్చినవే ఇవన్నీ. తను మాత్రం ఇంతవరకూ ఒక్కసారీ విమానం ఎక్కలేదు.

"పాతసామానువాడికి కబురు పెట్టాను. అన్నీ ఇచ్చేస్తున్నా!" అంది అత్తగారు ముక్కు చీదుతూ. "ఈ దరిద్రం ఇంట్లో చేరబట్టే కదే, నన్ను విమానం ఎక్కమంటున్నారు!"

సంగతేమిటంటే, పెళ్లైన తొమ్మిదేళ్లకి నీళ్లోసుకున్న ఆడపడుచుకి ఎల్లుండే ఆపరేషన్ అన్నారు డాక్టరు. నెలాఖరుకి అనుకున్నది కాస్తా ముందుకొచ్చింది. రైల్లో అయితే మూడు రోజులు, విమానంలో నాలుగు గంటలు. "అమ్మ పక్కన లేకపోతే నేను లోపలికి వెళ్లను..." అని ఆ పిల్ల ఫోన్లో ఒకటే వెక్కిళ్లు. ఈవిడకేమో స్టూలెక్కి బల్బు మార్చాలన్నా భూమి గిర్రున తిరుగుతుంది!

"అమ్మా, రేపటికి టికెట్ కూడా కొన్నానే..." అన్నాడు కొడుకు.

"అయితే నువ్వే ఎక్కు! వెళ్లి నువ్వే పురుడు పొయ్యి!"

కోడలికి కోపం నషాళానికి అంటింది. తన సంచుల్లో ఒక్క చెంచా పోయినా ప్రాణం పోయినట్టే! కానీ అత్తగారి చేతులు చూసింది. ఆ వేళ్లు కొంగుని మెలిపెడుతూనే ఉన్నాయి... ఇది కోపం కాదు, భయం! పాపం, కూతురి దగ్గరికి పరిగెత్తాలని ప్రాణం కొట్టుకుంటుంటే కాళ్లు కదలని తల్లి...

"అత్తయ్యా, ఇచ్చేద్దురుగాని. ఇచ్చేముందు ఒక్కసారి ఇంట్లోనే విమానం ఎక్కి చూడండి. నచ్చకపోతే పాతసామానువాడి బండి నేనే తోసుకెళ్తాను" అంది.

కుర్చీని వాషింగ్ మెషిన్‌కి ఆనించారు. దానికి సీటు బెల్టు కట్టారు. కోడలు మెడలో స్కార్ఫు చుట్టుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని, ఎయిర్‌హోస్టెస్‌ల దగ్గర విని విని కంఠతా పట్టిన స్వాగతం, జాగ్రత్తల మాటలన్నీ నెమ్మదిగా చెప్పింది. సంచిలోంచి తీసిన కార్డు ఒకటి చేతిలో పెట్టింది. దాని మీద విమానం బొమ్మ, రెక్కలకి నాలుగు ఫ్యాన్లు.

"ఇవేమిటే?"

"ఇవి తిరిగితేనే విమానం ఎగురుతుంది అత్తయ్యా."

పైలట్ హోదాలో కొడుకు మెషిన్ బటన్ నొక్కాడు. తడిబట్టలు పిండుతూ మెషిన్ ఊగింది, కుర్చీ ఊగింది, అత్తగారు తనకి తెలిసిన దేవుళ్లందరినీ, తెలియని మరో పదిమందినీ పిలిచింది! సాయంత్రానికి నాలుగు ప్రయాణాలయ్యాయి. మూడోదాంట్లో టీ చల్లారిందని పేచీ పెట్టింది. నాలుగోదాంట్లో మెషిన్ ఆగినా దిగలేదు. "ఇంకో విడత బట్టలు వెయ్యండ్రా" అంది. పాతసామానువాడు గుమ్మంలోకొస్తే "టికెట్ ఉందా?" అని అడిగి పంపేసింది!

మర్నాడు పదింటికి కోడలు షాపులో మిషను మీద ఉండగా ఫోన్ మోగింది.

"ఏమే! నన్ను చంపడానికే పంపించావా? ఈ విమానానికి ఫ్యాన్లు లేవు!"

వెనకాల ఎవరో "అమ్మా, దయచేసి కూర్చోండి" అంటున్నారు. "ఫ్యాన్లు బిగించేదాకా కూర్చోను! తలుపు తియ్యండి, దిగిపోతా!" అంటోంది అత్తగారు.

కోడలు మిషను ఆపేసింది. ఈవిడ దిగిపోతే... అక్కడ ఆ పిల్ల గతేమిటి!

"అత్తయ్యా, తప్పు నాదే! ఆ కార్డు మా అమ్మమ్మ కాలం నాటిది. నేనెప్పుడైనా ఎక్కానా చచ్చానా, ఆలోచించలేదు... కిటికీలోంచి చూడండి. రెక్క కింద పెద్ద పీపా లాంటిది ఉందా, నోరు తెరుచుకుని?"

"...ఉంది."

"దాని నోట్లోకి చూడండి."

 కోడలు ఫోన్ చెవికి అదుముకుంది.

"ఉన్నాయే..." అంది అత్తగారు, పసిపిల్లలా. "చాటంత రెక్కలు... బోలెడున్నాయే! నాలుగు కాదు, నలభై!"

"ఇక కూర్చోండి అత్తయ్యా. బెల్టు పెట్టుకోండి. మీ అమ్మాయి ఎదురుచూస్తోంది..."

క్లిక్‌మని బెల్టు చప్పుడు వినిపించింది. ఫోన్ మాత్రం పెట్టలేదు. అవతల అనౌన్స్‌మెంట్ మొదలైంది. అంతలోనే అత్తగారి గొంతు ఖంగుమంది.

"ఆగమ్మాయ్! అలా గడగడా అప్పజెప్తే నాలాంటి పిరికిదానికి ఏం ఎక్కుతుంది? మా కోడలు చెప్తుంది, విను. తనకి ప్రాణమైన సామానంతా నేను గోనెసంచుల్లో కుక్కితే, పల్లెత్తు మాట అనకుండా వాటితోనే నా భయం తీర్చిన పిల్ల అది! ఏమే, స్పీకర్ పెట్టాను. అందరూ వింటున్నారు, చెప్పు."

కోడలి కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి. కత్తెర పక్కన పెట్టింది. మెడలో టేపు సర్దుకుంది. గొంతు సవరించుకుంది.

"ప్రయాణికులందరికీ స్వాగతం..."

ఆ విమానం నాలుగు నిమిషాలు ఆలస్యంగా లేచింది. కారణం దగ్గర 'వాతావరణం' అని రాసుకున్నారట. అత్తగారు మాత్రం మనవరాలి కంటే ఒకరోజు ముందే చేరింది!