మూగవాడి జవాబు

మిషన్ అప్పజెబుతూ రాజు ఏడ్చాడు. ఏ గూఢచారికైనా అది మంచి శకునం కాదు.

ఆదివారం ప్రార్థన ముగిశాక, చర్చి వెనక గోడ దగ్గర ఇయెసె రాజు జెబెదే చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, రేపటి విందులో పాపునా నన్ను చంపించేస్తాడు. నాకు రాజ్యం వద్దు. ప్రాణం ఉంటే చాలు."

"ఊరుకో తమ్ముడూ. నేనున్నాగా," అన్నాడు జెబెదే.

ఇయెసె జెబెదే తల్లి పాలు తాగి పెరిగాడు. ఆ కొండల్లో పాలు పంచుకున్నవాడు తోడబుట్టినవాడికన్నా ఎక్కువ. ఇయెసె పేరుకే రాజు. సైన్యం, తీర్పులు, కోటల తాళాలు అన్నీ సామంతుడు పాపునావి. ఇప్పుడు ఆ పేరు కూడా అతనికే కావాలి. సరిహద్దు అవతలి తురుష్క పాషా వెనక నుంచి ఎగదోస్తున్నాడు. అందుకే మూడేళ్లుగా జెబెదే పాపునా ఇంట్లో మూగవాడి వేషంలో ద్రాక్షసారా పోస్తున్నాడు.

రహస్యం రోదామ్ చేరవేసింది. పాపునా విధవ కోడలు. కళ్లు తిప్పుకోలేనంత అందగత్తె. ఇరుపక్షాలకూ కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. సారా తోడే సొరబుర్ర గరిటె బోలు పిడిలో ఆమె చీటీ పెట్టింది. రాజు వెనక కూర్చునే డప్పువాడు పాషా మనిషి. చచ్చిపోయిన పెద్దల పేరు మీద తాగే సమయమే సిగ్నల్. అప్పుడు అందరూ లేచి, సారా నింపిన ఎద్దు కొమ్ము ఒక్క గుక్కలో ఖాళీ చేయాలి. కొమ్ముకు నిలబెట్టడానికి అడుగుండదు, మధ్యలో దించడానికి వీల్లేదు. చేతులు రెండూ కొమ్ము మీద, తల వెనక్కి, మెడ కత్తికి ఎదురుగా.

మూగవాడు అరవకూడదు. గరిటె జారిపడితే తనవంతు తాను చూసుకుంటానని రోదామ్ మాటిచ్చింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం పెద్దల పేరెత్తారు. ఇయెసె కొమ్మెత్తాడు. డప్పు ఆగింది, డప్పువాడు కత్తి దూశాడు. జెబెదే గరిటె వదిలేశాడు.

రోదామ్ తలమీది తెల్లటి ముసుగు తీసి, రాజుకూ డప్పువాడికీ మధ్య నేల మీదికి విసిరింది. ఆడది ముసుగు విసిరాక కత్తి దూసినవాడు ఆ నేల మీద మనిషే కాడు. జనం వాడి చేతులు పట్టేసుకున్నారు. కత్తి రాజు మెడకు జానెడు దూరంలో ఆగిపోయింది.

పాపునా అందరికన్నా ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. ప్రభువులకు శత్రువులు ఎక్కువయ్యారనీ, మఠంలో అయితే నిశ్చింతగా ఉండొచ్చనీ మెల్లగా సెలవిచ్చాడు. మాట పూర్తి కాకముందే ఇయెసె ముద్ర ఉంగరం తీసిచ్చేశాడు. జెబెదేకు గుండె కలుక్కుమంది. అయినా తమ్ముడు బతికాడు, అది చాలనుకున్నాడు.

ఎవరి పేరు మీద తాగాలో చెప్పే విందుపెద్ద పాపునాయే. చివరి కొమ్ము నింపించి, "ఎవరి చలవ వల్ల మనం బతికున్నామో వాళ్ల పేరు మీద. ముందు మీరు కానివ్వండి," అన్నాడు.

తల్లి పేరు చెప్పినా సరిపోయేది. ఇయెసె కళ్లు కృతజ్ఞతతో నిండిపోయి ఉన్నాయి.

"నా పాలన్న జెబెదే పేరు మీద. ముందే కబురంది నన్ను కాపాడాడు."



"ఎవరా జెబెదే?" పాపునా ముద్దుగా అడిగాడు.

ఇయెసె ముఖం పాలిపోయింది. తానేం చేశాడో అప్పుడు తెలిసింది. కొమ్ము మాత్రం గాలిలోనే ఉంది. పేరు పలికాక ఆ పేరుగలవాడు లేచి జవాబివ్వాలి. లేకపోతే పేరెత్తినవాడికి పదిమందిలో తలవంపులు. బుద్ధున్న ఏజెంట్ అయితే సారా పోసుకుంటూ పోతాడు. జెబెదే ఇయెసె చేతుల వణుకు చూశాడు. చిన్నప్పుడు ఉరుము వినబడితే ఆ చేతులు ఇలాగే వణికేవి, అలా వణుకుతూనే తన మెడ చుట్టుకునేవి.

అతను గరిటె కింద పెట్టి నిటారుగా నిలబడ్డాడు.

"మా తమ్ముడు చల్లగా ఉండాలి," అన్నాడు. ఆ ఇంట్లో మూడేళ్లకు మొదటిసారి పలికిన గొంతు బొంగురుగా ఉంది. రోదామ్ బోసితల వంచుకుని ఏడ్చింది.

"గొంతు బాగుందయ్యా. ఇన్నాళ్లూ పాడించుకోలేకపోయాం," అని పాపునా, ఇయెసెను బయటికి పంపి తలుపులు మూయించాడు.

బయట ఇయెసెను మఠానికి వెళ్లే గుర్రం ఎక్కించారు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. మిషన్ సక్సెస్.