ఆరో బొట్టు

"ఇక్కడ విమానాలకి పెయింటింగ్ వేస్తారాండీ?"

చిన్నారి చేతిలో కుంచె ఆగిపోయింది. అప్పటిదాకా ఆమె చెరుకు ట్రాక్టరు వెనక 'శ్రీ నూకాంబిక ప్రసన్న' అని రాస్తోంది. ఇంకొక్క వత్తు మిగిలింది. ఎవడో ఆకతాయి అనుకుంది.

"ఏస్తాం. రన్‌వే మీద పెట్టి ఎళ్ళండి," అంది వెనక్కి తిరగకుండానే.

అనేశాక నాలుక కరుచుకుంది. కొత్తవాళ్ళతో రెండు ముక్కలు మాట్లాడాలంటే వారం ముందునుంచి ఆలోచించే పిల్ల. ట్రాక్టరు వైపు తిరిగి ఉంటే మాత్రం ఎక్కడలేని ధైర్యం వస్తుంది.

"రన్‌వే అక్కర్లేదు. ఈ స్టూలు చాలు."

అప్పుడు తిరిగింది. వానకోటులో ఒక కుర్రాడు. వయసు పాతికుంటుంది. తాను తడిసినా చేతిలోని చెప్పుల డబ్బాని మాత్రం చంటిపిల్లలా పొదువుకున్నాడు. మూత తీశాడు. లోపల దూది మీద జానెడు విమానం. పైన ఆకుపచ్చ, మట్టిరంగు మరకలు. ముక్కు దగ్గర ఫ్యాను, కింద మినపగింజల్లాంటి చక్రాలు.

"బొమ్మా?" అంది.

"బొమ్మ కాదండీ. స్కేల్ మోడల్. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్, హరికేన్. ముక్కముక్కా అతికించడానికి మూడు నెలలు పట్టింది."

"అంటే బొమ్మేగా."

లోపల రంగులు కలుపుతున్న బంగార్రాజు కేకేశాడు. "ఒసే చిన్నారీ! బేరం పోగొట్టకే తల్లీ! బాబూ, లోపలికి రండి, తడిసిపోతన్నారు."

'బంగార్రాజు ఆర్ట్స్' చోడవరంలో చేత్తో అక్షరాలు రాసే ఆఖరి షాపు. ఊరి బోర్డులన్నీ ఫ్లెక్సీలకి పోయాక ట్రాక్టర్లు, ఆటోలు మిగిలాయి. ఇప్పుడు చెయ్యి కూతురిది. డిగ్రీ అయ్యాక రెండేళ్ళుగా ఆమే రాస్తోంది. మాట మాత్రమే ఇంకా తండ్రి బంగార్రాజుది.

కుర్రాడి పేరు ఫణిశ్రీనివాస్. బుచ్చయ్యపేట మండలాఫీసులో ఉద్యోగం. స్టూలు మీద కూర్చుని, వచ్చిన పని చెప్పాడు.

"రెక్కల పైన రెండు, కింద రెండు, పక్కలకి రెండు. మొత్తం ఆరు గుండ్రాలు వెయ్యాలి. బయట నీలం, నడుమ తెలుపు. కిట్‌లో స్టిక్కర్లు ఇచ్చారు గానీ పాతబడిపోయాయి. నీళ్ళలో వెయ్యగానే అప్పడాల్లా ముక్కలైపోయాయి. నేనే వేద్దామని చూశాను..." అని ఒక అట్టముక్క చూపించాడు.

చిన్నారి దాన్ని ఎటు తిప్పినా అర్థం కాలేదు. "ఇది గుండ్రమా? మా అమ్మేసిన మొదటి పెసరట్టులా ఉంది."

ఫణి నవ్వేశాడు. ఆ నవ్వుకి చిన్నారి మళ్ళీ ట్రాక్టరు వైపు తిరిగిపోయింది.

"ఒక్కటే జాగ్రత్తండీ. నడుమ ఎరుపు పడకూడదు. జపాను విమానాల మీద ఎర్ర సూర్యుడుండేవాడు. మనవైపు విమానానికి ఎర్ర చుక్క ఉంటే, శత్రువనుకుని మనవాళ్ళే కాల్చేస్తారని ఇటు ఎగిరేవాటికి ఎరుపు తీసేశారు. ఎరుపు పడిందా, శత్రువే."

"అంత పంతమేటి, బొమ్మకి?"

ఫణి ముఖంలో నవ్వు తగ్గింది. "మా తాతయ్య కోసమండీ. ఏడేళ్ళప్పుడు గోవాడ దగ్గర చెరుకుతోటలో నిలబడి ఉంటే, నెత్తిమీంచి ఇది వెళ్ళిందట. ఎంత కిందగా అంటే, చెరకాకులన్నీ పడుకున్నాయట. రెక్కల కింద ఆ రెండు గుండ్రాలూ ఇప్పటికీ కళ్ళలో ఉన్నాయంటారు. ఇప్పుడు ఎనభై ఎనిమిది. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదానికి వచ్చే వారం ఆపరేషన్. కట్టు విప్పగానే మొట్టమొదట ఇది చూపిస్తానని మాటిచ్చాను. తప్పులుంటే పట్టేస్తారు."

చిన్నారి కుంచె కడిగి తుడుచుకుంది. "డబ్బా ఒగ్గేసి ఎళ్ళండి," అంది, ఈసారి అతని వైపు తిరిగే.

డబ్బా వదిలాడు గానీ మనిషి వదల్లేదు. రోజూ ఆఫీసు నుంచి వస్తూ షాపు దగ్గర బండి ఆపేవాడు. పైగా శ్రావణమాసపు వాన. వేసిన రంగు ఆరదు. రంగు ఆరలేదు కాబట్టి అతను మర్నాడు రావాలి.

"ఆరిందాండీ?"

"మీరలా ఊదుతూ ఉంటే ఏటారుతుంది?"

తెలుపు వెయ్యడం తేలికే. బయటి గుండ్రం కూడా ఆమె చేతికి లెక్కలోది కాదు. చిక్కల్లా నడుమ మిరియపుగింజంత తెలుపు దగ్గరొచ్చింది. ఎంత ఊపిరి బిగబట్టి వేసినా నీలం లోపలికి పాకేస్తోంది. రెండుసార్లు తుడిచేసింది. మూడోసారి కుంచె పక్కన పడేసి, నుదురు రుద్దుకుంది. వేలికి బొట్టు తగిలింది.

చటుక్కున లేచి, సంచిలోంచి బొట్టుబిళ్ళల అట్ట తీసింది.

"నడుమ బొట్టు అంటించేసి, చుట్టూ నీలం ఏసేద్దాం. ఆరేక బొట్టు పీకేత్తే కింద తెలుపు గుండ్రంగా ఉంటాది!"

ఫణి కళ్ళు విప్పార్చాడు. "మాస్కింగ్! దీనికోసం ఫారిన్ టేపులు కొంటారు తెలుసా?" అని, అంతలోనే ఉలిక్కిపడ్డాడు. "కానీ ఎరుపండీ!"

"పీకేత్తామంటన్నాను కదా! శత్రువులు ఒక్కరోజుంటే మీ చెరుకుతోటేం కాలిపోదు."

ఐదు గుండ్రాలకీ బొట్లు అంటించింది. అట్ట ఖాళీ అయింది. ఆరోది, ఎడమ రెక్క కిందది, మిగిలిపోయింది. వేరే సైజుదయితే జత కుదరదు. చిన్నారి ఆలోచించకుండా తన నుదుటి బొట్టు తీసి అక్కడ అంటించేసింది.

తలెత్తేసరికి ఫణి అలాగే చూస్తున్నాడు.

"ఏటలా సూస్తన్నారు?"

"ఏం లేదు. ల్యాండింగ్ లైటు ఆరిపోయినట్టుంది."

బయట రేకుల మీద వాన దబదబా మోగింది. ఆ మోత లేకపోతే తన గుండె చప్పుడు నాన్నకి వినిపించేసేదని చిన్నారి ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది.

మర్నాడు సాయంత్రానికి నీలం చాలామటుకు ఆరింది. ఆపరేషను కూడా ఆ ఉదయమే అనకాపల్లిలో అయిపోయింది. రేపు పొద్దున్న పదింటికి కట్టు విప్పుతారట. ఫణి విమానం పట్టుకెళ్ళడానికి వచ్చాడు. చిన్నారి ఒక్కో బొట్టునీ గోటి చివరతో లేపి, షాపులో వేలాడే పాత ఆటో సైడద్దానికి వరసగా అంటిస్తోంది. లోపల తెలుపు చంద్రుడిలా బయటపడుతుంటే ఇద్దరూ ఒకేసారి "అబ్బ!" అంటున్నారు.

అంతలో అతనికి ఫోనొచ్చింది. చూరు కిందకి వెళ్ళి మాట్లాడసాగాడు.

"ఆ, అమ్మా! సంధ్యారాణి గారు తాతయ్యకి తెగ నచ్చేశారే. చెయ్యెంత మెత్తనో, మాటెంత మెత్తనో అని ఒకటే పొగుడుతున్నారు. రేపు ఇంటికి భోజనానికి పిలుద్దామా? ఆవిడ ఒప్పుకుంటే మన అదృష్టమే!"

చిన్నారి వేలు గాలిలో ఆగిపోయింది.

సంధ్యారాణి గారట! పెళ్ళవకుండానే ఎంత మర్యాదో! తాతగారికి చెయ్యి కూడా నచ్చేసిందట. ఈ పది రోజులూ తన చేతి వైపు చూసినదంతా రంగు ఆరిందో లేదో చూడ్డానికే కాబోలు.

అతను తిరిగొచ్చేసరికి డబ్బాకి మూత పెట్టేసి, దారం కట్టేసి ఉంది.

"అప్పుడే అయిపోయిందా? ఒకసారి చూస్తాను..."

"అయిపోయింది. వానొస్తంది, ఎళ్ళండి."

"చిన్నారి గారూ, ఏమైంది?"

"ఏటవుతాది? రంగు ఆరిపోయింది కదా. ఇంక రావక్కర్లేదు."

ఫణి డబ్బా గుండెకి హత్తుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న చిన్నారి షాపు తలుపులు తీసి, బొట్టు లేని ముఖం గుర్తొచ్చి అద్దం దగ్గరికి వెళ్ళింది. అట్టలో లేకపోతేనేం, నిన్న పీకినవాటిలో ఒకటి పెట్టుకుందామనుకుంది. నీలం అంచుల ఎర్రబొట్లు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

మళ్ళీ లెక్కపెట్టింది. ఐదే.

"నాన్నోయ్!" అని అరిచింది. "ఆరోది రెక్క కిందే ఉండిపోయింది!"

ఫణికి ఫోన్ చేస్తే స్విచాఫ్. బంగార్రాజు టీ గ్లాసు పట్టుకుని తీరిగ్గా చూశాడు.

"ఒక్క సుక్క కోసం అనకాపల్లి ఎళ్దామంటావేటే? ఆల్లే సూసి పీకేసుకుంటారు."

"కన్ను తెరవగానే తాతగారు అదే సూత్తారు నాన్నా. ఇన్నేళ్ళూ దాచుకున్నది శత్రువు ఇమానం అయిపోతాది."

"ఎనభై ఎనిమిదేళ్ళాయన ఇప్పుడు తుపాకీ తీత్తాడేటి?"

"మరి నువ్వు 'చల్లని సోడా' దగ్గర 'ని' మరిసిపోతే ఊరు మరిసిందా?"

ఆ దెబ్బకి బంగార్రాజు టీ పారబోసి మోపెడ్ తీశాడు. పాతికేళ్ళ కిందటి బోర్డది. ఇప్పటికీ బజారులో ఆయన్ని 'చల్ల సోడా బంగార్రాజు' అంటారు.

దారంతా జల్లు.

"ఆ బాబుకి సంబంధం కుదిరిందంట నాన్నా," అంది వెనక కూర్చున్న చిన్నారి.

"కుదిరితే మంచిదే కదే. నువ్వెందుకు ఏడుస్తన్నావు?"

"వాన నాన్నా."

బంగార్రాజు బండిని ఇంకాస్త జోరుగా పోనిచ్చాడు.

ఆసుపత్రి గది తలుపు తీసే ఉంది. మంచం మీద నల్లద్దాలు పెట్టుకున్న పెద్దాయన, లక్ష్మీనరసింహం గారు. పక్కన ఫణి. ఎదురుగా, తెల్లకోటులో నెరిసిన జుట్టావిడ చేతిలో విప్పేసిన కట్టు.

"చూశారా తాతగారూ? చెప్పానా, మీ విమానాన్ని మళ్ళీ ఎగరేస్తానని," అంటోంది ఆవిడ.

"నీ చెయ్యి బంగారం సంధ్యారాణమ్మా," అన్నాడాయన.

గుమ్మంలో చిన్నారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సంధ్యారాణంటే డాక్టరమ్మా!

ఆలస్యం అయిపోయింది. తాతగారు విమానాన్ని చేతిలోకి తీసుకుని, దాని పైభాగం కేసి చూడనేలేదు. ఏడేళ్ళ పిల్లాడిలా తలెత్తి, నెత్తిమీదకి ఎత్తిపట్టి, మెల్లగా ఈ చివర్నుంచి ఆ చివరికి నడిపించాడు. నోటితో చిన్నగా "ర్‌ర్‌ర్" మన్నాడు. రెక్కల కింద ఒకవైపు తెల్ల చంద్రుడు. రెండోవైపు ఎర్రటి చుక్క.

చెయ్యి ఆగింది.

"తప్పు నాదేనండీ!" చిన్నారి గదిలోకి వచ్చేసింది. జడలోంచి నీళ్ళు కారుతున్నాయి. "తొందర్లో పీకడం మరిసిపోయాను. ఇప్పుడే తీసేత్తాను. కింద తెలుపే ఉంది తాతగారూ, మీదే, శత్రువుది కాదు..."

తాతగారు నల్లద్దాలు కాస్త కిందకి జరిపారు. రెక్క కింది చుక్కని చూశారు. తడిసిన పిల్లని చూశారు. మళ్ళీ చుక్కని చూశారు.

"అక్కడ ఒకటి ఎక్కువ. ఇక్కడ ఒకటి తక్కువ," అన్నారు ఆమె నుదురు చూపిస్తూ. "ఒరే ఫణీ! ఒంటికన్నుతో నాకు కనపడింది, రెండు కళ్ళుండీ నీకు కనపడలేదేట్రా?"

ఫణి చెవులు ఎర్రబడ్డాయి.

"రాత్రే చూశాను తాతయ్యా."

చిన్నారి గబుక్కున అతని వైపు తిరిగింది.

"చూసి?" అన్నారు తాతగారు.

"తియ్యబుద్ధి కాలేదు."

"ఎరుపు పడితే శత్రువని నాకే పాఠం సెప్పేరు కదా!" అంది చిన్నారి. అడిగేశాక గాని, గదినిండా మనుషులున్నారని గుర్తు రాలేదు.

"చెప్పాను," అన్నాడు ఫణి ఆమె కళ్ళలోకి చూస్తూ. "ఇంకేం చేస్తాను? లొంగిపోయాను."

డాక్టరమ్మ గట్టిగా నవ్వేసింది. తాతగారు కూడా నవ్వుతుంటే, కంటికి దెబ్బ అని ఆవిడే మళ్ళీ గదమాయించింది.

"ఆ ఫోన్లో మాట్లాడినది... డాక్టరమ్మ గురించా?" చిన్నారి గొణిగింది.

"మరెవరనుకున్నారు?"

ఆమె తడిసిన జడ పిండుకోవడంలో పడింది. అతనికి మాత్రం నిన్నటి దారం ముడి అంత గట్టిగా ఎందుకుందో అర్థమైనట్టుంది. ముఖమంతా వెలిగిపోయింది.

తాతగారు గోటితో బొట్టు లేపారు. కింద తెలుపు నిఖార్సుగా, గుండ్రంగా బయటపడింది. విమానాన్ని మరోసారి నెత్తిమీదకి ఎత్తి చూసి, "ఆఁ! ఇదే. చెరకాకులు కూడా కనపడుతున్నాయి," అన్నారు. తర్వాత వేలి కొసనున్న బొట్టుని ఫణి వైపు చాపారు. "ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్యరా."

ఫణి గుమ్మం వైపు చూశాడు. బంగార్రాజు అప్పటిదాకా అక్కడే నీళ్ళు కారుతూ నిలబడ్డాడు.

"నన్నడుగుతావేటి బాబూ?" అన్నాడాయన. "అక్షరం తప్పితే నాను దిద్దుతాను గానీ, ఇందులో తప్పేటుంది? మీ అమ్మానాన్నలతో ఒకపాలి షాపుకి రండి. టీ తాగుదుం."

జిగురు కొంచెమే మిగిలింది. అయినా ఫణి పెడితే అంటుకుంది. చిన్నారి నుదుట ఇప్పుడు నీలం అంచు ఎర్రబొట్టు.

ఫణి వేలికి నీలం మరకైంది. దాన్ని చూసుకుని అన్నాడు. "రంగింకా ఆరలేదండీ."

చిన్నారి ఈసారి ఎటూ తిరిగిపోలేదు.

"అయితే రేపు కూడా రండి," అంది.