సోలార్ సంఘంలో చేరని ఇల్లు

"ఈ కాగితం అంటించింది మీరేనా?"

అతను పోట్లాటకి సిద్ధపడే వచ్చాడు. వీధి మొదట్లోని నోటీసు బోర్డు దగ్గర నిలబడ్డ అమ్మాయి ఉలిక్కిపడి తిరిగింది. వీధిలోని ముప్పై ఇళ్లనీ కలిపి సొంతంగా ఒక సోలార్ సంఘం పెట్టించాలని నెల రోజులుగా గడప గడపా ఎక్కి దిగుతున్న ఇంజినీరు ఆమె.

"నేనేనండీ. చేరినవాళ్లకి పచ్చ టిక్కు, చేరనివాళ్లకి ఎర్ర గీత. చూసి మిగతావాళ్లు కూడా చేరతారని."

"చూసి మిగతావాళ్లు మండిపడుతున్నారు. మా నాన్న పేరు కింద ఎర్ర గీతేంటండీ, పరీక్ష తప్పినవాడికి గీసినట్టు?"

ఆమె మొహం చిన్నబోయింది. వాదిస్తుందనుకున్నాడు. వాదించలేదు. గోటితో ఒక్కో మూలా లేపి, ఆ కాగితాన్ని ఊడదీసి మడిచి సంచిలో పెట్టుకుంది.

"సారీ అండీ. తప్పే. ఇలా చేయమని నాకెవరూ చెప్పలేదు, నా సొంత తెలివే."

దాంతో అతని కోపానికి కాళ్లు విరిగిపోయాయి. ఇక చేసేదేం లేక కొట్టుకి వెళ్లిపోయాడు. కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుట్టి మళ్లీ బతికించడం అతని పని. వీధంతా అతన్ని "వైండింగ్" అనే పిలుస్తుంది. అసలు పేరు చివరిసారిగా ఎవరు పిలిచారో అతనికే గుర్తులేదు.

మర్నాడు ఆమె కొట్టుకే వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"మిగతా మేడల మీద ఏదో ఒక పూట ఎదురుగా ఉన్న పెద్ద బిల్డింగు నీడ పడుతోంది. మీ డాబా ఒక్కటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలో ఉంటుంది. మీరు లేకపోతే సంఘమే లేదు. ఆదివారం మీటింగులో తేలకపోతే ఆఫీసు నన్ను ఇంకో చోటికి పంపేస్తుంది. ఇప్పుడు చెప్పండి, ఎందుకు చేరరు? ప్యానెల్స్‌కి ఇరవై ఐదేళ్ల వారంటీ..."

"ప్యానెల్ పాడైతే నేనే చూసుకుంటానండీ. మనుషులు పాడైతే?"

ఆమె పెన్ను మూత పెట్టేసింది. అప్పుడు అతను చెప్పాడు. ఆరేళ్ల క్రితం వీధి మొత్తానికీ కలిపి ఒక నీళ్ల మోటారు ఉండేది. ఆ గది తాళం అతని తండ్రి దగ్గరే ఉండేది. తల్లి ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఉండగా, ఒక మధ్యాహ్నం ఆ మోటారు నీళ్లు లేకుండా గంటలకొద్దీ తిరిగి కాలిపోయింది. ఎండల్లో పదిహేను రోజులు వీధికి నీళ్లు లేవు.

"ఆ మోటారుకి సంఘం పెట్టిన రోజు, చూసుకోమని నాన్నని చేతులు పట్టుకుని తీసుకెళ్లారు. కాలిపోయిన రోజు వచ్చి పదిమందిలో నిలదీశారు. అప్పట్నించీ ఆయన వెనక సందులోంచే వెళ్తారు, వస్తారు. ఇక్కడెవరికీ కరెంటంటే భయం లేదండీ. రేపు పాడైతే ఎవర్ని తిడతారోనని భయం."

బయట వాన మొదలైంది. వాన తగ్గేదాకా ఇద్దరూ కాలిన మోటార్ల మధ్య కూర్చున్నారు. తగ్గకపోతే బాగుండునని అతనికి అనిపించింది.

"మీ నాన్నగారిని ఒక్కసారి కలవచ్చా?"

"వద్దు."

"సరే. మీరు తీసుకెళ్తేనే వస్తాను."

రెండు రోజులు అతనికి మనసు మనసులో లేదు. తీసుకెళ్లకపోతే ఆమె వెళ్లిపోతుంది. తీసుకెళితే మళ్లీ అంతా మొదలై, నాన్నని ఇంకోసారి దోషిని చేస్తారేమో! మూడో రోజు సాయంత్రం తానే ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాడు.

"ఆ రోజు ఏం జరిగింది బాబాయ్‌గారూ?" అని అడిగిందామె.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తప్పెవరిదని అందరూ అడిగారమ్మా. ఏం జరిగిందని నువ్వే అడుగుతున్నావు. తాళం ఒక్కడి దగ్గరే ఉండకూడదు, రాసుకో. ఇద్దరు చూసుకోవాలి, మూడోవాడికి కూడా పని తెలిసుండాలి. వద్దనుకున్నవాడు మర్యాదగా తప్పుకునే దారీ ఉండాలి. బయటికి దారి లేకపోతే లోపలికి ఎవడొస్తాడు?"

"ఆ రోజు తాళం మీ దగ్గరే ఉందా?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని మాట మార్చేశాడు. ఆదివారం వస్తానని మాత్రం అన్నాడు.

మీటింగుకి బడి హాలు నిండింది. ఆరేళ్ల తర్వాత తండ్రి పదిమందిలోకి వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. అతను ముందు వరసలో కూర్చుని మాటిమాటికీ వెనక్కి చూస్తున్నాడు. ఆమె కొత్త నియమాలు చదివి, "ఇవి నావి కాదు. ఈ వీధిలో ఇదంతా ఒకసారి మోసిన మనిషి చెప్పినవి" అని పెద్దాయన వైపు చూపించింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి.

మొదటి నుంచీ ఈ సంఘం వద్దంటే వద్దని గొంతు చించుకున్న పక్కింటి లెక్కల మాష్టారు మెల్లగా లేచాడు.

"ఆ రోజు తాళం నా దగ్గరుంది."

చివరి వరసలోని పెద్దాయన వైపు చూపించాడు. "ఆసుపత్రికి వెళ్తూ అన్నయ్య నాకిచ్చి వెళ్లాడు. నేను మోటారు వేసి నిద్రపోయాను. అందరూ అన్నయ్యని అంటుంటే నోరు మెదపలేదు. ఆయనా నా పేరు చెప్పలేదు. ఇంకో సంఘంలో ఏ మొహం పెట్టుకుని చేరను? అందుకే వద్దన్నాను."

అతను ఒక్క ఉదుటున లేచాడు. మాష్టారి కాలరు పట్టుకుని ఆ ఆరేళ్లకీ లెక్క అడగాలనిపించింది. ఎదురుగా నిలబడ్డ ఆమె అతని మణికట్టు పట్టుకుంది. వదల్లేదు.

తండ్రి మాష్టారి దాకా నడిచి వెళ్లాడు. "నాకు తెలుసులేవయ్యా. ఆరేళ్లూ నువ్వూ మోశావుగా. కూర్చో. ముందు నా సంతకం, పక్కనే నీది. తాళం ఈసారి ఇద్దరం ఉంచుకుందాం."

మాష్టారు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మధ్యాహ్నం అయ్యేసరికి ఇరవై ఆరు ఇళ్లు చేరాయి. మిగతా నాలుగిళ్లవాళ్లూ ఆలోచించుకుంటామన్నారు. ఆమె వాళ్లని తొందరపెట్టలేదు.

హాలు ఖాళీ అయ్యాక ఇద్దరూ కుర్చీలు సర్దుతున్నారు.

"మీతో ఒక మాట చెప్పాలి" అన్నాడతను, కుర్చీకే చెబుతున్నట్టు. "మీరంటే నాకిష్టం."

"తెలుసు. మీ నాన్నగారు చెప్పారు."

"ఎప్పుడు?"

"నిన్న. 'నువ్వెప్పుడొచ్చినా పనిలో కనబడాలని మావాడు నాలుగు రోజులుగా ఒకే మోటారు విప్పి మళ్లీ కడుతున్నాడమ్మా, ఆ మోటారు మీదైనా జాలి చూపించు' అన్నారు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మరి... మీరేమన్నారు?"

"మీటింగు అయ్యాక చెప్తానన్నాను. ముందే చెప్తే, సంతకం కోసం వచ్చి కొడుకుని బుట్టలో వేసుకుందంటారు."

"మీటింగు అయిపోయిందిగా?"

ఆమె చేతిలో కుర్చీ కింద పెట్టింది. ఇంతసేపూ ఆటపట్టించిన మనిషి, ఈసారి సూటిగా అతని కళ్లలోకి చూసింది.

"నాక్కూడా ఇష్టమే" అంది.

ఆమె నవ్వలేదు. అందుకే అతనికి నమ్మకం కుదిరింది.