హారన్‌లో లేని గొంతు

పాట మిక్సింగు అయిపోయిందని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. స్టూడియోలో బ్రహ్మాండంగా ఉన్న పాట కారులో పెడితే గుబగుబలాడుతుంది, ఫోనులో పెడితే రేకుడబ్బా మోగినట్టు ఉంటుంది. అందుకే నేను ఫైలు తీసినాక నాలుగు చోట్ల వింటాను. పెద్ద స్పీకర్లు, హెడ్‌ఫోన్లు, నా భార్య డెబోరా ఫోను, చివరికి మిద్దె మీద పెట్టుకున్న పాత హారన్, అదే గరాటు మైకు. నెల్లూరులో క్రైస్తవ పాటలు చేసేవాళ్లు చాలామందే ఉండారు గానీ, హారన్‌లో కూడా మాట స్పష్టంగా రావాలంటే ఈ జడ్సన్ దగ్గరికే పోవాలంటారు. ఆ పొగరే నా కొంప ముంచింది.

పోయిన చలికాలం మైపాడు అవతల ఓ పాలెం నుంచి పాస్టరు మాథ్యూ గారు వచ్చినారు. వెంట రెబెక్కమ్మ. అరవై దాటిన మనిషి, చేపలమ్ముకుంటుంది. కొడుకు ఏసుమణి రెండేళ్ల ముందు వేటకి పోయి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. వాణ్ణి తలుచుకుంటా ఆమె కట్టిన పాట సంఘంలో అందరికీ నోటికొచ్చేసింది. దాన్ని రికార్డు చేసి తెల్లవారుజామున చర్చి హారన్‌లో వేయాలని పాస్టరు గారి కోరిక. మంచులో తీరం కనపడనప్పుడు పడవలోళ్లు ఆ హారన్ వినే ఒడ్డు ఎటుందో తెలుసుకుంటారు.

"నా గొంతే ఉండాలబ్బయా," అనింది రెబెక్కమ్మ. "నా బిడ్డ వేరేవాళ్ల గొంతుకి రాడు. నేను పిలిస్తేనే వస్తాడు."

ఆమె గొంతు బొంగురు. శ్రుతి ఒకచోట నిలవదు. పాడినాక ఆమె మంచినీళ్ల కోసం బయటికి పోతే, పాస్టరు గారు నా చెవిలో చెప్పినారు. "మన ఏంజెలిన్ చేత పాడించు. పెద్దామె మనసు మాత్రం నొప్పించొద్దు. ఏదో ఒకటి చెయ్యి."

ఏదో ఒకటి చేసినాను. మా స్టూడియోలో పాడే ఏంజెలిన్ గొంతుని పాట నడిమధ్యలో పెట్టినాను. రెబెక్కమ్మ గొంతుని కుడి స్పీకరుకి మామూలుగా, ఎడమ స్పీకరుకి దాని అలని తలకిందులు చేసి పంపినాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఆమె గొంతు చక్కగా వినపడుతుంది. కానీ హారన్‌కి పోయేటప్పుడు కుడీ ఎడమా ఒకటిగా కలిసిపోతాయి. అప్పుడు ఆమె గొంతుని ఆమె గొంతే తినేస్తుంది. ఏంజెలిన్ ఒక్కతే మిగులుతుంది.

హెడ్‌ఫోన్లలో వినిపిస్తే ఆ తల్లి ఏడ్చింది. "నేనే... నేనే," అని నా రెండు చేతులూ పట్టుకునింది. మరుసటి వారం ఎండు నెత్తళ్ల చేపలు పొట్లం కట్టి పంపింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ఆ నెత్తళ్లు వేయించుకుని తిన్నాం కూడా.

పాట మొదటిసారి వేసే ఆదివారం, హారన్‌లో ఎట్టా మోగుతుందో చూసుకుందామని నేనూ పోయినాను. ఐదు కూడా కాలేదు. మంచు. పదడుగుల అవతల మనిషి కనపడడు. తడి వలల వాసన, ఉప్పు వాసన. రెబెక్కమ్మ హారన్ స్తంభం కింద కొత్త కోక కట్టుకుని, సముద్రం వైపు తిరిగి నిలబడుంది.

ఏంజెలిన్ తీయగా పాడింది. ఒక చరణం అయినాక రెబెక్కమ్మ నా దగ్గరికి వచ్చింది.

"నా గొంతు యాడబ్బయా?"

"ఉందమ్మా. కింద ఉంది. గాలికి వినపడటం లేదంతే."

"గాలి యాడుంది?"

నిజమే, ఆకు కూడా కదలడం లేదు. ఆమె నన్ను ఒక్క మాట తిట్టలేదు. "సరేలే. దగ్గరికి పోయి నేనే పిలుచుకుంటా," అని మంచులోకి నడిచింది. నేను ఆంప్లిఫయరు ముందు కూర్చుని బేస్ తగ్గించుకుంటా ఉండిపోయినాను. థూ, నా బతుకు! నాలుగడుగులేసి చెయ్యి పట్టుకుని ఉంటే సరిపోయేది.

మూడో రోజు ఆమె ఒడ్డుకి కొట్టుకొచ్చింది.

ఆమెని మట్టి చేసినాక పెట్టే ఆదరణ కూటం రోజు తెల్లవారుజామున అదే పాట వేయాలన్నారు. నా మోసం బయటపడుతుందని భయపడి ఫైలులోంచి ఆమె గొంతు మొత్తం తీసేసినాను. నాలుగు చోట్లా విన్నాను. యాడా లేదు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పాలెం పోయినాను. మళ్లీ అదే మంచు. జనం చర్చి ముందు చేరినారు. స్విచ్ వేసినాను.

తబలా రాలేదు. కీబోర్డు రాలేదు. ఏంజెలిన్ రాలేదు.

బొంగురు గొంతు ఒక్కటే...

"రా నాయనా... ఇటు రా నాయనా..."

పెన్‌డ్రైవ్ పీకేసినాను. ఆగలేదు.

హారన్ తీగ పీకేసినాను. ఆగలేదు.

జనం ఇసకలో మోకాళ్ల మీద పడినారు. అప్పుడు... సముద్రం వైపు నుంచి... చాలా దూరంగా... మగగొంతు.

"వస్తా ఉండానమ్మా..."

హారన్ టక్కున ఆగిపోయింది. నీళ్లలో ఎవరో నడుస్తున్న చప్పుడు. తర్వాత తడి ఇసక మీద. ఆ అడుగులు జనాన్ని దాటినాయి. నా ముందుకొచ్చి ఆగినాయి. ఎవరూ కనపడలేదు. కుళ్లిన నాచు వాసన గుప్పుమనింది.

"మా అమ్మ యాడన్నా?"

తల దించుకుని తీగ చుట్టుకుంటా ఉండిపోయినాను. సమాధుల దొడ్లో ఉందని చెప్పాలంటే, ఎందుకుందో కూడా చెప్పాలి గదా.

స్టూడియో మూసేసి నెలయింది. ఆ అడిగేవాడు మాత్రం పోలేదు. రెండు చెవులూ తెరిచి ఉన్నంతసేపూ ఏమీ వినపడదు. ఒక చెవి మూసుకుందంటే చాలు... అందుకే నేను ఒత్తిగిలి పడుకోను. దిండుకి చెవి ఆనిందంటే అడుగుతాడు. డెబోరాకి ఇదంతా చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పేది?

నిన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, డెబోరా కాసేపు నడుం వాల్చింది. చెవి కింద చెయ్యి పెట్టుకుని గోడ వైపు ఒత్తిగిలింది. నిద్రపోయిందనుకున్నాను.

"ఏమయ్యా," అనింది, కళ్లు తెరవకుండానే. "వాళ్లమ్మ యాడుందో నీకు తెలుసంట గదా. చెప్పొచ్చు గదా... పాపం, ఆ బిడ్డ తడిసిపోయి నిలబడుండాడు."