కన్నతల్లికి చెప్పని ఏడుపు

"నాకొద్దు యాడీ! పొద్దుగాల బస్సుకే ఖమ్మం పోత. సుబ్బరత్నమక్కతోటి మాట్లాడాలె..."

లాలి కంచం పక్కకు నెట్టేసింది. తల్లి సక్రి చేతిలోని జొన్నరొట్టె చేతిలోనే ఉండిపోయింది! ఖమ్మం దవాఖానాలో, క్యాన్సర్ వార్డులో నర్సు తన కూతురు. పది రోజుల సెలవు మీద తండాకు వచ్చి, నాలుగు రోజులుగా తిండీ నిద్రా లేక గోడకేసి చూస్తూ కూర్చుంది. ఏమైందంటే "ఏం లేదు" అంటుంది. కన్నతల్లితో లేని మాట ఆ పెద్ద నర్సుతో ఏముంటుంది?

"సుబ్బరత్నమక్క, సుబ్బరత్నమక్క! నిన్ను కన్నది ఆమెనా, నేనా?"

లాలి తల వంచుకుంది గానీ, కళ్లలో నీళ్లు తల్లికి కనబడనివ్వలేదు. అదే సక్రిని మరీ మండించింది. మిరప చేలల్లో కూలి చేసి చదివించింది తాను... బిడ్డ కన్నీళ్లు మాత్రం ఇంకొకరి సొత్తా!

మర్నాడు తానూ బస్సెక్కింది. ఆ మనిషిని ఏమేం అడగాలో దారి పొడవునా కూడబెట్టుకుంది.

దవాఖానాలో తల్లిని వరండాలో కూర్చోబెట్టి, లాలి నర్సుల గదిలోకి వెళ్లింది. మరుక్షణమే బావురుమన్న ఏడుపు! సక్రి ఎన్నడూ వినని ఏడుపు. విసురుగా లేచి తలుపు దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

"అక్కా, సిరంజి పట్టాలంటే భయమైతున్నది... ఎనిమిదో బెడ్డు ఆమె అచ్చం పూలి చిన్నమ్మ లెక్కనే నా చెయ్యి పట్టుకొని, 'ఓర్వలేను బిడ్డా, నన్ను పంపియ్యి' అన్నది. చిన్నమ్మ మూడు దినాలు గట్ల అరిచి పోయిందని మా యాడికి చెప్పలె. నిద్రల పోయిందన్న. గందుకే ఇంటికాడ యాడి మొఖం చూడలేకపోతున్న!"

పూలి సక్రికి ఒక్కగానొక్క చెల్లెలు. ఉగాది ముందు, నోటి క్యాన్సర్‌తో ఈ వార్డులోనే పోయింది...

సక్రి తలుపు తోసింది. లాలి తలను గుండెకు హత్తుకుని ఉన్న నెరిసిన జుట్టు మనిషి నెమ్మదిగా అంది:

"రా అమ్మా. ఎవరన్న పోతే మేం గిక్కడ కూసోని ఏడుస్తం. ఏడ్వకుంటే రేపు ఇంకొకలకు సేవ చెయ్యనీకి పానం ఒప్పదు. మీ చెల్లె సంగతి మాత్రం మీకే చెప్పుకోవాలెనని నేనే ఇంటికి పంపిన. చెప్పలేక తిరిగొచ్చింది."

కూడబెట్టుకున్న మాటలన్నీ వదిలేసి, సక్రి బిడ్డ పక్కన నేల మీద కూర్చుంది.

"నా చెల్లె ఎట్ల పోయిందో చెప్పు బిడ్డా... నేను వింట."

లాలి అంతా చెప్పింది. తల్లీబిడ్డా ఒకరినొకరు పట్టుకుని వలవల ఏడ్చారు. సుబ్బరత్నం మెల్లగా లేచి బయటికి వెళ్లబోతుంటే, సక్రి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడికి పోతవక్కా? కూసో! వార్డు ఏడుపు బిడ్డ నీకే చెప్పనీ... నాకు కుళ్లు ఉంటనే ఉంటది. అయినా చెప్పనీ!"